ఒకే యింటి రెండు కలములు
(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశములో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు నేను మాట్లాడవలసిన విషయము సాహిత్యమునకు సంబంధించినది. "పంచాయతీ సభ్యులకు సాహిత్యముతో ఏమి పని? మురుగు కాలువలు, వీధి దీపములు, ఇంటిపన్నులు చూచుకొనుటకే మాకు ప్రొద్దు చాలదు గదా" అని మీలో కొందరు అనుకొనవచ్చును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని మీ పనిలో ఒక సగము మాత్రమే కట్టించుట, త్రవ్వించుట, లెక్క వ్రాయుట. తక్కిన సగము మనుష్యులను ఒప్పించుట. మంజూరైన సొమ్ముతో కాలువ త్రవ్వించుట సులభము. ఆ కాలువ తన వాకిటి ముందుగా పోవుటకు ఒక గృహస్థును ఒప్పించుటయే కష్టము. అందులోను కులము, భూమి, పాత పగలు అడ్డు వచ్చిన చోట ఎంతటి మాటకారికైనను నోరు ఎండిపోవును. అన్యాయము జరుగుచున్నదని చెప్పి జనుల మనస్సు మార్పవలెనన్న మాట ఎట్లుండవలయునో, ఈ పనిని జీవితమంతయు చేసిన ఇద్దరు రచయితలను అడిగి తెలిసికొందము. వారిరువురును ఈ ప్రాంతము వారే. ఒకే తల్లి బిడ్డలు.

ముందుగా నా ఓటమిని ఒకదానిని మీకు మనవి చేయుచున్నాను. కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమునకు గ్రామసభ నిమిత్తము పోయియుంటిని. ఆ గ్రామములో ఒక వాడ వారికి శ్మశానమునకు పోవు దారి లేదు. పొలముల గట్లమీదుగా పాడె మోసికొని పోవలసినదే. దారి విడువుమన్న మాట ఏండ్ల తరబడి నలుగుచుండెను. నేను కాగితములు సిద్ధము చేసికొని పోయితిని. రాజ్యాంగములోని 17వ అధికరణము, 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము, అది 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు పొందిన వైనము, 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము, ఇవన్నియు వరుసగా గంటసేపు వినిపించితిని. సభ నిశ్శబ్దముగా వినెను. అంగీకారము వలన కలిగిన నిశ్శబ్దము కాదది. కొందరు తలలు వంచుకొనిరి. కొందరు సెల్‌ఫోనులు చూచుకొనిరి. దారి మాట అంగుళమైనను కదలలేదు.

అప్పుడు వెనుక వరుసలో కూర్చుండిన ఒక ముసలమ్మ లేచి నిలువబడెను. ఆమె మాటలను ఆమె నోట వచ్చినట్లే చెప్పుచున్నాను: "అయ్యా, కాయితంల ఏమున్నదో మాకెరికలేదు. మా పెనిమిటిని తీసుకపోయిన్నాడు వాన కొట్టవట్టె. ఒడ్డు మీద కాలు జారి పాడె ఒరిగింది. ఆయన బురదల పడ్డడు. బతికున్నన్నాళ్లు మీ పొలాల్లనే నాట్లేసిండు, కోతలు కోసిండు. సచ్చినంక ఆ పొలం పక్కపొంటి పోనియ్యరైతిరి. ఇగ నేనేమనాలె?" ఇంతే చెప్పి ఆమె కూర్చుండెను. ఆమె ఎవరినీ దూషింపలేదు. ఏ చట్టము పేరును చెప్పలేదు. కాని సభలో గాలి మారెను. ఆనాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టభద్రుడనై, ఇన్నేండ్లు ప్రచారశాఖలో పనిచేసిన నేను గంటసేపటిలో చేయలేని పనిని ఆ అవ్వ అర నిమిషములో ఎట్లు చేయగలిగెను? ఈ ప్రశ్నయే నన్ను తిరిగి ఆ ఇద్దరి పుస్తకముల వద్దకు తీసికొనిపోయినది.

ఆ ఇద్దరు దాశరథి సోదరులు. మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరు వారి స్వగ్రామము. మానుకోట ప్రాంతము వారికి ఆ ఊరు సుపరిచితమే. అన్నగారు కృష్ణమాచార్యులు 1925 జూలై 22న, తమ్ములుగారు రంగాచార్యులు 1928 ఆగస్టు 24న జన్మించిరి. సంప్రదాయము పాటించు వైష్ణవ పండిత కుటుంబము వారిది. అన్నగారు కవి. 1949లో "అగ్నిధార", 1950లో "రుద్రవీణ" వెలువరించినారు. 1974లో "తిమిరంతో సమరం" అను గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమి బహుమతి పొందినారు. ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవిగా కూడ ఉండినారు. 1987 నవంబరు 5న కన్నుమూసినారు. మీకు ఆసక్తి కలిగించు సంగతి ఒకటి కలదు. ఆయన కొంతకాలము పంచాయతీ ఇన్‌స్పెక్టరుగా కూడ ఉద్యోగము చేసినారు. కనుక ఆయన మన శాఖకు దూరపువారు కారు. తమ్ములుగారు ముఖ్యముగా నవలాకారులు. 1969 నాటి "చిల్లర దేవుళ్లు", ఆ తరువాతి "మోదుగుపూలు", "జనపదం" ఆయన ప్రసిద్ధ రచనలు. సాయుధ పోరాటములో పాల్గొన్న ఆయనయే తరువాతి కాలమున నాలుగు వేదములను తెలుగు చేసినారు. 2015 జూన్ 8న పరమపదించినారు.

ఈ సోదరులు ఏ అన్యాయమును గూర్చి వ్రాసిరో నేటి యువసభ్యులకు క్లుప్తముగా చెప్పవలసియున్నది. నిజాము పాలనలో మన పల్లెలలో వెట్టి యుండెడిది. కుమ్మరి కుండలు ఊరక ఇయ్యవలెను. చాకలి బట్టలు ఊరక ఉతుకవలెను. గొల్లలు గొఱ్ఱెలను, మాదిగలు చెప్పులను సమర్పింపవలెను. రైతు తన మడి ఎండుచున్నను ముందుగా దొర మడి దున్నవలెను. నాగు పేరిట ధాన్యము అప్పు తెచ్చుకొన్నవాడు దానిని తీర్చలేక భూమినే వదలుకొనెడివాడు. దొర కుమార్తె అత్తవారింటికి పోవునపుడు ఆమెతోకూడ పేదయింటి ఆడపిల్లను దాసిగా పంపెడివారు. ఆమెకు ఆడబాప అని పేరు. న్యాయస్థానములలోను, పాఠశాలలలోను ఉర్దూయే రాజ్యమేలుచుండుట వలన తెలుగు రైతు తనపై వచ్చిన కాగితమును తాను చదువుకొనజాలకుండెను. సభ జరుపుకొనవలెనన్నను "గస్తీ నిషాన్ 53" అను ఉత్తరువు ప్రకారము ముందుగా సర్కారు అనుమతి పొందవలసియుండెను.

ఈ పరిస్థితులలోనే నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను, తన భూమిని దొర మనుష్యులకు విడువక నిలిచినది. అదే జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగినాడు. ఆ తరువాత జరిగిన పోరాటము, 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరుట మీకందరకు తెలిసినవే. అన్నదమ్ములిద్దరును ఈ అగ్నిలోనుండి వచ్చినవారే. చూచిన అన్యాయము ఒక్కటే, దానిని గూర్చి పలికిన తీరులు మాత్రము రెండు. ఆ తేడాయే మనకు పాఠము.

అన్నగారి తీరును ముందుగా చూతము. ఆయన కవిత్వము వ్రాసిన కాలమున శ్రోతలకు తమ బాధ తెలియనిది కాదు. వెట్టిచేయువానికి వెట్టి యెంత బరువో మరొకరు చెప్పవలసిన పనిలేదు. వానికి లేనిది ధైర్యము. తనవంటివారు వేలాదిమంది కలరన్న నమ్మకము లేదు. కనుక అన్నగారు బాధను వర్ణించుటతో ఆగిపోలేదు. ఎవని పేరు చెప్పుటకు ఊరు భయపడునో, ఆ ప్రభువును ఎదుట నిలువబెట్టి, నీవు అని సంబోధించి, ప్రశ్నించినారు. సభలో ఒకడు లేచి ప్రభువును నీవు అని పిలిచినచో వినుచున్నవానికి మొదట గుండె ఝల్లుమనును. ఆకాశము విరిగి పడలేదని చూచిన పిమ్మట వాని వెన్నెముక నిటారగును. ఒప్పించుటలో ఇది మొదటి ఉపాయము. భయపడు విషయమును నలుగురిలో పైకి పలుకుట.

రెండవ ఉపాయము, తెలంగాణమును తల్లిగాను, అమూల్యమైన వీణగాను భావించి చెప్పుట. దీనివలన ఏమి కలిగినదో గమనింపుడు. వెట్టి బాధ వెట్టివానిది మాత్రమే యైనచో వర్తకుడు, ఉపాధ్యాయుడు, విద్యార్థి ఎందుకు కదలవలయును? అది మన అందరి తల్లికి జరిగిన అవమానమని చెప్పినప్పుడు దూరముగా నిలిచినవాడును దగ్గరకు వచ్చును. "వారి కష్టము" అను మాట "మన కష్టము"గా మారును.

మూడవది, ఆయన మాట కంఠస్థము చేయుటకు వీలైనది. సభలకు అనుమతి లేని రాజ్యములో పుస్తకముకన్న పద్యము త్వరగా ప్రయాణము చేయును. నిజామాబాదు జైలులో వట్టికోట ఆళ్వారుస్వామిగారితోకూడ ఆయన బంధింపబడియున్న రోజులలో కాగితము, కలము లేక గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసినారని ప్రసిద్ధి. గోడను తుడిచివేయవచ్చును. చదివినవాని నాలుకమీద నిలిచిన పద్యమును తుడుచుట సాధ్యము కాదు.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. ఆయన ప్రభువును ఎదిరించినారే గాని ఉర్దూ భాషను ద్వేషింపలేదు. ఆ భాషలోని మహాకవి గాలిబు కవిత్వమును 1961లో "గాలిబ్ గీతాలు"గా తెలుగు వారికి అందించినారు. అధికారము వేరు, ప్రజలు వేరు, భాష వేరు అను వివేకము ఆయన కోపమునకు గట్టు వేసినది. గట్టు లేని కోపము పొరుగువాని చేనును ముంచును.

ఇక తమ్ములుగారి తీరు. ఆయన "చిల్లర దేవుళ్లు" ప్రకటించిన 1969 నాటికి నిజాము రాజ్యము పోయి 21 సంవత్సరములు గడచినవి. జాగీరులు 1949లోనే రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. అప్పటి పాఠకునికి భయము లేదు. కాని మరపు కలదు. గడీలు కూలిపోయినవి గదా, ఆ కథ ముగిసినది గదా అను తృప్తి కలదు. తృప్తుడై కూర్చున్న వానియెదుట ఎంత గర్జించినను ప్రయోజనముండదు. వానిని చేయి పట్టుకొని ఆ ఊరిలోనికి తీసికొనిపోవలయును. తమ్ములుగారు చేసినది ఇదియే.

ఆ నవలలో ఉపాధి వెదకుకొనుచు ఒక సంగీతజ్ఞుడు పైనుండి ఒక తెలంగాణ పల్లెకు వచ్చును. దొర గడీలో ఆయనకు ఆశ్రయము లభించును. ఆయనకు ఊరి సంగతులు తెలియవు. పాఠకునికిని తెలియవు. ఇద్దరును కలసి ఒక్కొక్కటిగా తెలిసికొందురు. ఇది అన్యాయము సుమా అని రచయిత మధ్యలో వచ్చి చెప్పవలసిన అవసరము ఉండదు. చూచిన పాఠకుడు తానే ఆ మాట అనుకొనును. ఒకరు చెప్పగా నమ్మిన మాటకంటె తాను కనుగొన్న సత్యమును మనుష్యుడు గట్టిగా పట్టుకొనును.

ఆయన మరియొక పని చేసినారు. అన్యాయమునకు ఒకే ముఖము పెట్టలేదు. దొర ఒక్కడే కాక కరణము కలడు. కలము కరణము చేతిలో, కర్ర దొర చేతిలో. లెక్క వ్రాయువాడు కన్ను మూసిననే దోచువాని చేయి సాగును. "చిల్లర దేవుళ్లు" అను పేరే ఈ సంగతి చెప్పుచున్నది. పైనున్న పెద్ద ప్రభువుకంటె ప్రతిదినము ఊరివాని నెత్తిమీద కూర్చుండు చిన్న ప్రభువులే వాని బ్రతుకును శాసింతురు. గడీలోపల ఆడబాపల గతి ఏమో, గోడలమధ్య ఆడవారి మనస్సులు ఎట్లు నలుగునో ఆ నవలలో చూపించినారు. ఊరివారి సంభాషణలను వారి తెలంగాణ నుడికారములోనే వ్రాసినారు. గ్రంథభాషలో బాధ చెప్పుకొను పేదవానిని పాఠకుడు జాలితో చూచును. తన సొంత భాషలో మాట్లాడువానిని మనిషిగా చూచును.

ఇప్పుడు ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలుపుదము. అన్నగారు గుంపుతో మాట్లాడిరి, తమ్ములుగారు ఒంటరిగా కూర్చున్న పాఠకునితో మాట్లాడిరి. అన్నగారి మాట ఒక్క క్షణములో పనిచేయవలెను, తమ్ములుగారిది వందల పుటలు నడచి పనిచేయును. అన్నగారు "లెమ్ము" అనిరి. తమ్ములుగారు "చూడుము" అనిరి.

రెండు తీరులకును లోపములు లేకపోలేదు. కవి గర్జన విన్నవాడు శత్రువు ఎక్కడనో దూరముగా, కోటలో ఉన్నాడని తలచి, తన యింటి అరుగుమీది అన్యాయమును మరచిపోవచ్చును. వేడి చల్లారిన పిదప చప్పట్లు మాత్రమే మిగులవచ్చును. నవల చదివినవాడు పాపము అని నిట్టూర్చి పుస్తకము మూసివేయవచ్చును. పైనుండి వచ్చినవాని కన్నులతో ఊరిని చూచుటకు అలవాటు పడి, ఊరు బాగుపడుటకు కూడ ఎవరో పైనుండి రావలెనని ఎదురుచూడవచ్చును. ఐలమ్మ ఎవరికొరకును ఎదురుచూడలేదు. ఆమె వెనుక సంఘము నిలిచినది. కనుక మాట గొప్పదే గాని మాటతోకూడ నిలుచు మనుష్యులు లేనిచో అది గాలిలో కలియును.

ఇక మన గ్రామసభకు వత్తము. ఆ అవ్వ ఏమి చేసినదో ఇప్పుడు తెలియుచున్నది. ఊరంతయు ఎరిగి ఎవరును పైకి అనని మాటను ఆమె నలుగురిలో అనినది. ఇది అన్నగారి మార్గము. పాడె ఒరుగుట, బురద, నాట్లు వేసిన చేతులు, వీనిని ఉన్నవి ఉన్నట్లు కన్నులకు కట్టి, తీర్పు సభకే విడిచినది. ఇది తమ్ములుగారి మార్గము. నేను మాత్రము సభలోనివారు భయస్థులో, మరచినవారో, మొండివారో విచారింపకయే కాగితము చదివితిని.

దారికి అడ్డుపడిన రైతు విషయములోను నేను పొరబడితిని. ఆయనది అహంకారమని తలచితిని. విచారింపగా ఆయనకు ఉన్నదే కొద్దిపాటి మడి. దారి యావత్తు ఆయన గట్టునుండియే తీయవలెనన్నచో ఆయన యింటి గింజలు తగ్గును. ఇది తెలిసిన పిమ్మట ఆ ఊరి పెద్దలు ప్రక్కనున్న మరి ఇద్దరు రైతులను పిలిచి మాట్లాడిరి. మూడు పొలముల గట్లను తలా కొంత జరుపుకొనుటకు ముగ్గురును ఒప్పుకొనిరి. నష్టము మూడు వంతులైనది, దారి ఒక్కటైనది. ఎదుటివానిని రాక్షసునిగా చిత్రించిన మరుక్షణము వానిని ఒప్పించు ద్వారము మూసికొనునని ఆ దినమున నేర్చుకొంటిని. అన్నగారు ప్రభువును, ప్రజల భాషను వేరుచేసి చూచినట్లే మనమును తప్పును, మనిషిని వేరుచేసి చూడవలయును.

ఇట్లనుటవలన చట్టముతో పనిలేదని నా అభిప్రాయము కాదు. ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. దారి, నీరు, గుడి, శ్మశానము, వీనియందు సమాన హక్కు గ్రామసభ దయతో ఇచ్చునది కాదు. సభ ఒప్పుకొన్నను, ఒప్పుకొనకున్నను ఆ హక్కు ఉండనే యున్నది. ఊరంతయు చేతులెత్తి కాదన్నను అది చెల్లదు. వెట్టియు అట్టిదే. రాజ్యాంగములోని 23వ అధికరణము దానిని నిషేధించినది. 1976 నాటి చట్టము కట్టుబానిస అప్పులను రద్దు చేసినది. అప్పు పేరిట నేడు ఎవరైనను ఒక కుటుంబమును ఇటుక బట్టీలోనో, పశువుల కొట్టములోనో కట్టివేసియున్నచో అది పాత కథ కాదు, నేటి నేరము. దానిని అధికారులకు తెలుపుట మీ విధి. ఒప్పించుట యెందుకన్నచో, పోలీసుల కాపలాలో పొందిన దారిలో నడచువాడు ప్రతిదినము భయముతోనే నడువవలెను. ఊరు మనస్ఫూర్తిగా విడిచిన దారిలో వాని మనుమలు ఆడుకొందురు.

లెక్కలకును చోటు కలదు. భూపాలపల్లి జిల్లా ఆచార్య జయశంకరుగారి పేరు ధరించినది. ఆయన ఏ సభలోనైనను నిధులు, ఉద్యోగములు, నీళ్లు, వీని లెక్కలు ముందు పెట్టి మాట్లాడెడివారు. మీరును మీ వాడల లెక్కలు తీయుడు. ఏ వాడలో ఎన్ని కుళాయిలు, ఎన్ని దీపములు, ఎంత దూరము మట్టి దారి కలదో కాగితముమీద వ్రాసి గోడకు అంటింపుడు. బొగ్గుతోనైనను సరే. అడవి అంచు గూడెములు, గనుల ప్రక్క వాడలు ఆ లెక్కలో ఎక్కడ నిలుచునో అందరును చూతురు. అడుగువాని నోటిలోని కన్నీటిమాట, చేతిలోని లెక్క కలసినప్పుడు కాదనుట కష్టము.

చివరగా ఒక కఠినమైన ప్రశ్న. చిల్లర దేవుళ్లు పోయిరా? గడీలు కూలినవి. పటేలు, పట్వారీ పదవులు పోయినవి. కాని సంతకము ఎవరి చేతిలో ఉండునో వాడు దేవుడగుటకు ఎక్కువ కాలము పట్టదు. పింఛను పత్రముమీద పేరు వ్రాయించుటకు ముసలివారిని పదిసార్లు త్రిప్పుకొను వార్డు సభ్యుడు ఒక చిల్లర దేవుడు. మహిళలకు సగము స్థానములు కేటాయింపబడిన ఈ కాలములో, గెలిచిన భార్యను ఇంట కూర్చుండబెట్టి సభలో ఆమె కుర్చీయందు కూర్చుండు భర్త ఒక చిల్లర దేవుడు. ప్రజలకు అర్థము కాని భాషలో గంటసేపు చట్టములు వల్లించి, పని అయినదని డైరీలో వ్రాసికొని పోయిన అధికారియు ఒక చిల్లర దేవుడే. ఆ అధికారి పేరు మీకు చెప్పనక్కరలేదు. ఆయన మీ ఎదుటనే నిలిచియున్నాడు.

కనుక నా విన్నపములు నాలుగు. సభలో మాట్లాడకముందు ఎదుటివారు భయపడుచున్నారో, మరచినారో తెలిసికొనుడు. భయపడువారికి ధైర్యము కావలయును, మరచినవారికి దృశ్యము కావలయును. బాధపడినవారిని మీకంటె ముందుగా, వారి భాషలో మాట్లాడనిండు. వెనుక వరుసలోని ముసలమ్మను పిలిచి ముందు కూర్చుండబెట్టుడు. తప్పును గట్టిగా ఖండించుడు గాని తప్పుచేసినవానికి తిరిగివచ్చు దారి విడువుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒప్పించిన పిమ్మట ఇంటికి పోకుడు. గట్టు జరుపు దినమున మీరును పార పట్టుకొని అక్కడ నిలువుడు.

మీ గ్రంథాలయములలో ఈ సోదరుల పుస్తకములు లేనిచో తెప్పింపుడు. చదువురాని పెద్దలకు మీ పిల్లలచేత చదివించి వినిపింపుడు. పూర్వము పాలకుర్తి సోమనాథుడు సామాన్యులు పాడుకొనుటకు అనువైన ద్విపదలో కావ్యము చెప్పిన నేల ఇది. వినుటయు, విని మారుటయు ఈ నేలకు కొత్త కాదు.

ఆ గ్రామమునకు మొన్న మరల పోయియుంటిని. దారి కలదు. ఇంకను కంకర పరువలేదు. వానకాలమున జారునని చెప్పిరి. అవ్వ లేదు. ఆమెను ఆ దారిమీదుగానే తీసికొనిపోయిరట. మూడు పొలముల రైతులును పాడె వెంట నడచిరట. కంకర మాట ఆ ఊరి సభ్యులు చూచుకొందురని నమ్ముచున్నాను.